స్టాపుల లెక్క: రెండు చిన్న ఫ్లాష్‌లతో ఆరుబయట పోర్ట్రెయిట్లు, ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసులోని ఫొటోగ్రాఫర్ ఆరుబయట పోర్ట్రెయిట్లు తీస్తారు. ఎక్కువగా ఒక్కరివి, అప్పుడప్పుడు ఇద్దరివి. సూర్యాస్తమయానికి ముందు రెండు గంటలే ఆమె పని వేళ. తోడు ఎవరూ ఉండరు. సామాను తానే మోసుకుంటూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడవాలి. చేతిలో ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 85 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ ఉన్నాయి. కెమెరా సింక్ స్పీడ్, అంటే ఫ్లాష్ వెలుగు ఫ్రేమంతటికీ అందే అత్యధిక షట్టర్ వేగం, సెకనులో 1/200 వంతు. మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. కెమెరా, ఫ్లాష్ కంపెనీల పేర్లు కూడా రాయలేదు, ఇక్కడి లెక్కకు వాటితో పని లేదు. లెక్కంతా స్టాపుల్లో ఉంటుంది: ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగం కావడం. ఎఫ్ అంకెల వరసలో (2.8, 4, 5.6, 8, 11, 16, 22) ఒక్కో మెట్టు ఒక స్టాపు, అంకె పెరిగితే లెన్స్ రంధ్రం (ఎపర్చర్) చిన్నదై వెలుగు తగ్గుతుంది.

మా దగ్గరికి వచ్చేనాటికే ఆమె దగ్గర చాలా వస్తువులున్నాయి. కెమెరా కంపెనీదే అయిన టీటీఎల్ ఫ్లాష్ ఒకటి (లెన్స్‌లోంచి వచ్చే వెలుగును కొలిచి కెమెరాయే పవర్ నిర్ణయించే రకం). చవకలో కొన్న మాన్యువల్ ఫ్లాష్ ఇంకొకటి. ఫ్లాష్‌ను వెలగమనే సంకేతం మాత్రమే పంపే 433 మెగాహెర్ట్జ్ రేడియో ట్రిగ్గర్ జత. రెండు మీటర్ల సన్నని స్టాండ్, ప్లాస్టిక్ బ్రాకెట్, వెలుగు గుడ్డలోంచి దూసుకొచ్చే 43 అంగుళాల తెల్ల అంబ్రెల్లా. ఫ్లాష్‌లలో మామూలు ఆల్కలైన్ ఏఏ సెల్స్.

ఆమె అడిగింది ఒక్కటే: 400 వాట్-సెకన్ల (మెరుపు శక్తి కొలత) బ్యాటరీ స్ట్రోబ్, అంటే పెద్ద ఫ్లాష్ లైటు కోసం డబ్బు కూడబెడుతున్నాను, ఏది కొనమంటారు? షరతులు రెండు చెప్పారు. స్ట్రోబ్ కాకుండా ఇంకేం కొనాల్సి వచ్చినా ఖర్చు ఆ లెన్స్ ధరలో సగం దాటకూడదు. కెమెరా కాకుండా మిగతా సామాను ఏడు కిలోలు మించకూడదు. స్ట్రోబ్ మాట కాసేపు పక్కన పెట్టి, ఉన్న వెలుగు ఎక్కడ ఖర్చవుతోందో ముందు చూద్దామని చెప్పాం.

సమస్య

ఆమె పనిలో నాలుగు వేర్వేరు లోపాలు కలగలిసి ఉన్నాయి. చాలావాటికి కారణం "ఫ్లాష్‌కు పవర్ లేకపోవడమే" అని ఆమె అనుకున్నారు.

మొదటిది, సూర్యుడికి వీపు పెట్టి నిలబెట్టిన ఫొటోల్లో ఆకాశం ఉంటే ముఖం నల్లగా, ముఖం బాగుంటే ఆకాశం తెల్లగా వస్తోంది. రెండోది, కొన్ని ఫ్రేముల్లో ఒక అంచున చీకటి పట్టీ. ఆమె నిలువు ఫ్రేములే ఎక్కువ తీస్తారు కాబట్టి అది పక్కన వచ్చేది. చెట్టు నీడో, అంబ్రెల్లా అంచో అనుకుని చాలా రోజులు వదిలేశారు. మూడోది, వరసగా తీసిన మూడు నాలుగు ఫ్రేముల్లో మొదటిది సరిగ్గా ఉంటే తర్వాతవి ముదురుగా ఉంటున్నాయి. నాలుగోది, ఒకసారి గాలికి స్టాండ్ పడి మాన్యువల్ ఫ్లాష్ పాదం విరిగింది. దాన్ని మార్పించారు గానీ, అప్పటి నుంచి భయంతో స్టాండ్‌ను మనిషికి దూరంగా పెడుతున్నారు. ఈ దూరమే మొదటి లోపాన్ని మరింత పెంచుతోంది. ఆ సంగతి లెక్క వేశాకే తెలిసింది.

ముందు కొలత

ఫ్లాష్ మీటర్ లేదు, కొననవసరమూ లేదు. గ్రే కార్డు (మధ్యస్థ బూడిద రంగు అట్ట), కెమెరా హిస్టోగ్రామ్ (ఫ్రేములో చీకటి నుంచి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) చాలు. పద్ధతి ఇది. చీకటి పడ్డాక ఆరుబయట గ్రే కార్డును ఒక చోట నిలబెట్టాలి. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, షట్టర్ 1/125. ముందు ఫ్లాష్ లేకుండా ఎఫ్/5.6 దగ్గర ఒక ఫ్రేమ్ తీసి చూడాలి. అది పూర్తిగా నల్లగా ఉంటేనే మనం కొలిచేది ఫ్లాష్ వెలుగు ఒక్కటే అన్నట్టు. తర్వాత ఫ్లాష్‌ను ఫుల్ పవర్‌లో వెలిగిస్తూ, కార్డు తాలూకు శిఖరం హిస్టోగ్రామ్ మధ్యకు వచ్చేదాకా ఎపర్చర్ మార్చాలి. ఆ ఎఫ్ అంకెను దూరంతో హెచ్చిస్తే వచ్చేది అసలైన గైడ్ నంబర్, అంటే ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకె.

ఈ కొలత గదిలో చేయకూడదు. తెల్ల గోడల గదిలో ఇదే అంబ్రెల్లా అర స్టాపు ఎక్కువ చూపించింది. అంబ్రెల్లా గుడ్డ వెనక్కి తిప్పికొట్టిన వెలుగు గోడలకు తగిలి మళ్ళీ కార్డు మీదికి వచ్చింది. ఆరుబయట ఆ వెలుగు పోయిందే, తిరిగి రాదు.

మాన్యువల్ ఫ్లాష్ పెట్టె మీద గైడ్ నంబర్ 58 అని ఉంది. అది తల జూమ్‌ను 105 మి.మీ.కు లాగి, వెలుగునంతా సన్నని కట్టలా చేసినప్పటి అంకె. జూమ్ 50 మి.మీ.లో పెట్టి, అడ్డం ఏమీ లేకుండా 1.5 మీటర్ల నుంచి కొలిస్తే ఎఫ్/22 వచ్చింది. అంటే గైడ్ నంబర్ 33. అంబ్రెల్లా తగిలించి, జూమ్ 24కు తెచ్చి, గుడ్డ నుంచి కార్డుకు 1.5 మీటర్లు ఉంచితే ఎఫ్/8. అంబ్రెల్లా ఒక్కటే మూడు స్టాపులు తిన్నదన్నమాట. కొంత వెనక్కి పోయింది, కొంత పక్కలకు చెదిరింది, పైగా ఫ్లాష్ గుడ్డకు అర మీటరు వెనక ఉంది. మెత్తని వెలుగు కావాలంటే ఈ ధర కట్టక తప్పదు. కాకపోతే ఎంత కడుతున్నామో తెలిసి ఉండాలి. టీటీఎల్ ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పెట్టి కొలిచినా దాదాపు ఇవే అంకెలు వచ్చాయి.

ఇక ఎదుటి పక్షం ఎండ. నిండు ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర 1/100, ఎఫ్/16 అన్నది పాత సూత్రం. 1/200కు మారిస్తే ఎఫ్/11. ఆమె షూట్‌లో మొదటి అరగంట దాదాపు ఇదే వెలుగు. చివరి అరగంటలో అది ఎఫ్/5.6 దాకా దిగుతుంది.

కాబట్టి మొదటి అరగంటలో వెనక దృశ్యం మామూలుగా రావాలంటే ఎఫ్/11 పెట్టాలి. ముఖం మీద పడేది ఎఫ్/8కు సరిపోయే వెలుగు, ఒక స్టాపు తక్కువ. ఆకాశం ఒక స్టాపు ముదురుగా కావాలంటే లోటు రెండు స్టాపులు. చివరి అరగంటలో అదే ఫ్లాష్‌కు ఒక స్టాపు మిగులు. భయంతో ఆమె 2.5 మీటర్ల దూరాన పెడుతున్న స్టాండ్ దీనికి తోడైంది. 1.5 నుంచి 2.5కు వెళ్తే ఇంకో స్టాపున్నర పోతుంది. ఫొటోల్లో ముఖాలు అంత నల్లగా ఎందుకున్నాయో ఇక్కడ తేలిపోయింది.

ప్రయత్నించినవి, పనికిరానివి

హై స్పీడ్ సింక్ (హెచ్‌ఎస్‌ఎస్: సింక్ స్పీడ్ దాటాక కూడా ఫ్లాష్ వాడే పద్ధతి) మీద ఆమెకు చాలా ఆశ ఉంది. ఎఫ్/11, 1/200 బదులు ఎఫ్/2.8, 1/3200 పెడితే ఎండ అంతే ఉంటుంది, వెనక దృశ్యం కరిగిపోతుంది, ఎపర్చర్ నాలుగు స్టాపులు తెరిచాం కాబట్టి ఫ్లాష్‌కు బోలెడు బలం వస్తుందన్నది ఆమె తర్కం. టీటీఎల్ ఫ్లాష్‌ను పొడవాటి తీగతో స్టాండ్ మీదికి చేర్చి ప్రయత్నించాం. ఎఫ్/11లో ఒక స్టాపు తక్కువగా ఉన్న ముఖం ఇప్పుడు మూడు స్టాపుల లోటుతో వచ్చింది.

ఇది తరచూ పొరబడే చోటు కాబట్టి కాస్త విడమరుస్తాను. మామూలు సింక్‌లో షట్టర్ పూర్తిగా తెరుచుకున్న క్షణంలో ఫ్లాష్ ఒక్కసారి వెలిగి ఆరిపోతుంది. షట్టర్ వేగం దాని వెలుగును తగ్గించలేదు. హెచ్‌ఎస్‌ఎస్‌లో షట్టర్ రెండు తెరలు (మొదటిది తెరిచేది, రెండోది మూసేది) మధ్యలో సన్నని చీలిక ఉంచి కదులుతాయి. ఆ చీలిక ఫ్రేము దాటేదాకా ఫ్లాష్ టపటపమని కొట్టుకుంటూ నిరంతర దీపంలా వెలగాలి. ఆ పద్ధతిలో అడుగుపెట్టగానే సుమారు రెండు స్టాపులు పోతాయి. ఆపైన షట్టర్‌ను ఎన్ని స్టాపులు పెంచితే ఫ్లాష్ వెలుగు కూడా అన్ని స్టాపులూ తగ్గుతుంది. ఎపర్చర్‌లో వచ్చిన నాలుగు స్టాపులు షట్టర్‌లో పోయాయి, ప్రవేశ రుసుము రెండు స్టాపులు మిగిలింది. హెచ్‌ఎస్‌ఎస్‌లో ఉన్నంతసేపు ఎండకూ ఫ్లాష్‌కూ మధ్య నిష్పత్తి షట్టర్‌తో మారదు. పైగా ఫుల్ పవర్‌లో వరసగా కొట్టేసరికి కాసేపట్లో ఫ్లాష్ వేడెక్కి తనంత తాను ఆగిపోయింది. ఎండతో పోటీకి దీన్ని వదిలేశాం. ఎండ వాలాక, పవర్ మిగులు ఉన్నప్పుడు మాత్రం వాడుకోవచ్చు.

తర్వాత మూడు స్టాపుల ఎన్‌డీ8 ఫిల్టర్, లెన్స్ ముందు పెట్టే ముదురు గాజు. ఎఫ్/11 కాస్తా ఎఫ్/4 అయింది, షట్టర్ 1/200లోనే ఉంది, వెనక దృశ్యం మెత్తబడింది. అయితే ఫిల్టర్ ఎండనూ ఫ్లాష్‌నూ సమానంగా తగ్గిస్తుంది. ఒక స్టాపు లోటు అలాగే ఉండిపోయింది. హెచ్‌ఎస్‌ఎస్‌తో పోలిస్తే ఇది మేలు, ఎందుకంటే కొత్త నష్టం ఏమీ లేదు. రంగు కొద్దిగా వాలింది. ఫిల్టర్ పెట్టాక గ్రే కార్డుతో వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మళ్ళీ తీసుకుంటే సరిపోయింది. వెనక దృశ్యం మెత్తబరిచే పనికి దీన్ని సంచిలో ఉంచాం, పవర్ ఖాతాలో మాత్రం రాయలేదు.

మూడో ప్రయత్నం ఖర్చు మిగిల్చే ఉద్దేశంతో చేసింది. రేడియో ట్రిగ్గర్ మానేసి, ఒక ఫ్లాష్‌ను కెమెరా మీద పెట్టి రెండోదాన్ని ఆప్టికల్ స్లేవ్‌గా, అంటే మొదటిదాని మెరుపు చూసి తానూ వెలిగేలా వాడితే? నీడలో బాగానే పనిచేసింది. స్లేవ్ కన్ను మీద ఎండ పడగానే మూడింట ఒకటి వెలగలేదు. అంబ్రెల్లా అడ్డమైనప్పుడైతే అసలే లేదు. టీటీఎల్ ఫ్లాష్ ముందుగా వదిలే చిన్న మెరుపుకు స్లేవ్ తొందరపడి వెలిగిపోయే సమస్య ఒకటి. అది ఎస్2 మోడ్‌లో (ఆ ముందు మెరుపును లెక్కచేయని అమరికలో) పెడితే తీరుతుంది. ఎండ సమస్యకు మాత్రం మందు లేదు. మనిషి నవ్విన క్షణంలో వెలగని ఫ్లాష్ ఎంత చవకైనా దండగే.

చీకటి పట్టీ

దీన్ని పట్టుకోవడానికి ఖాళీ గోడ చాలు. ఫ్లాష్‌ను 1/8 పవర్‌లో గోడకు గురిపెట్టి 1/100, 1/125, 1/160, 1/200, 1/250 దగ్గర ఒక్కో అడ్డం ఫ్రేము తీశాం. పాత రేడియో ట్రిగ్గర్‌తో 1/160 దాకా గోడ సమంగా ఉంది. 1/200లో ఫ్రేము అడుగున వేలెడు మందాన నల్ల పట్టీ వచ్చింది. అదే ఫ్లాష్‌ను తీగతో కలిపి 1/200లో తీస్తే పట్టీ లేదు. అంటే కెమెరా మంచిదే. ట్రిగ్గర్ కొద్దిగా ఆలస్యం చేస్తోంది, ఫ్లాష్ వెలిగేలోపు రెండో తెర బయల్దేరుతోంది.

ఫుల్ పవర్‌లో తీసినప్పుడు పట్టీ అంచు మసకగా, వాలుగా ఉంది. 1/8లో గీత గీసినట్టుంది. ఇలాంటి ఫ్లాష్ పవర్ తగ్గించడమంటే వెలిగే సమయాన్ని కత్తిరించడమే. ఫుల్ పవర్‌లో మెరుపు సెకనులో సుమారు 1/300 వంతు సాగుతుంది. తెర కదులుతుండగా దాని తోక ఇంకా వెలుగుతూ ఉంటుంది, అందుకే మసక. అసలు ఫొటోల్లో ఇది నీడలా కనిపించి మోసం చేసింది కూడా అందుకే. పట్టీ కోసం వెతికేటప్పుడు తక్కువ పవర్‌లో వెతకాలి, బండారం స్పష్టంగా బయటపడుతుంది.

రెండు దారులున్నాయి. పాత ట్రిగ్గర్‌తోనే 1/160లో సర్దుకోవచ్చు. ఖర్చు సున్నా, నష్టం మూడింట ఒక స్టాపు. లేదా 2.4 గిగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్ ఒకటి, రిసీవర్లు రెండు కొనాలి. పోయే స్టాపు చిన్నదే అయినా రెండో దారే ఎంచుకున్నాం. కారణం వేరే ఉంది. మాన్యువల్ ఫ్లాష్‌లో రేడియోతో పవర్ మార్చుకునే ఏర్పాటు ఉంది, అది పనిచేయాలంటే అదే కుటుంబపు ట్రాన్స్‌మిటర్ కావాలి. తోడు లేని మనిషి ప్రతిసారీ స్టాండ్ దగ్గరికి నడిచి పవర్ మార్చాల్సి వస్తే, మూడోసారికి మార్చడం మానేస్తారు. "ఇది చాలులే" అనుకుని తీసేస్తారు. కొత్త ఖర్చులో పెద్ద వాటా దీనికే వెళ్ళింది, వెళ్ళాల్సింది కూడా దీనికే. టీటీఎల్ ఫ్లాష్ పవర్ చేత్తోనే మార్చాలి. దానికి ఒక ఉపాయం కుదిరింది, కింద చెప్తాను.

ట్రిగ్గర్ వచ్చాక కూడా మొదటి రోజు అక్కడక్కడ వెలగలేదు. చూస్తే ఫ్లాష్ నిద్రలోకి జారుకుంటోంది. రెండింటిలోనూ పవర్ సేవ్ ఆపేశాక ఆ ఇబ్బంది మళ్ళీ రాలేదు.

సెల్స్

వరస ఫ్రేముల్లో తేడా రావడానికి ట్రిగ్గర్ కారణం కాదు. ఆల్కలైన్ సెల్స్‌తో ఫుల్ పవర్ తర్వాత రెడీ లైట్ (ఫ్లాష్ మళ్ళీ సిద్ధమని చెప్పే దీపం) వెలగడానికి మొదట 5 సెకన్లు పట్టింది. యాభై మెరుపులయ్యేసరికి అది 9 సెకన్లయింది. ఆల్కలైన్ సెల్‌లో లోపలి నిరోధం ఎక్కువ, ఫ్లాష్ ఒక్కసారిగా పెద్ద కరెంటు లాగితే అది ఇవ్వలేదు. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ 1.2 వోల్టులే అయినా లోపలి నిరోధం తక్కువ, అందుకే త్వరగా నింపుతుంది. మంచి రకం 2000 మిల్లీఆంపియర్-అవర్ సెల్స్‌తో ఆ సమయం 3 సెకన్లకు దిగింది, చాలాసేపు అక్కడే నిలిచింది.

రెడీ లైట్ గురించి ఒక మాట. చాలా ఫ్లాష్‌లలో అది కెపాసిటర్ (మెరుపుకు కావాల్సిన కరెంటు నింపుకునే భాగం) పూర్తిగా నిండకముందే వెలుగుతుంది. ఆమె లైట్ వెలగగానే నొక్కుతున్నారు. గోడ మీద తీసి చూపించాం. లైట్ వెలిగిన వెంటనే తీసిన ఫ్రేము, ఒక సెకను ఆగి తీసినదానికంటే దాదాపు సగం స్టాపు ముదురుగా ఉంది. ఎండలో ముఖం వెలుగంతా ఫ్లాష్ మీదే ఆధారపడినప్పుడు ఆ సగం స్టాపు కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

16 సెల్స్ తీసుకున్నారు. నాలుగేసి చొప్పున ఏ, బీ, సీ, డీ అని పెన్నుతో గుర్తు పెట్టి, ఆ నాలుగింటినీ ఎప్పుడూ విడదీయకుండా కలిపే ఛార్జ్ చేయాలి, కలిపే వాడాలి. ఒక్క బలహీనమైన సెల్ మిగతా మూడింటినీ వెనక్కి లాగుతుంది. ఛార్జర్ ఒక్కో సెల్‌ను విడివిడిగా చూసుకునే రకం కావాలి.

పనిచేసిన ఏర్పాటు

లోటు రెండు స్టాపులని ముందే తెలుసు కాబట్టి వాటిని ఎక్కడెక్కడ సంపాదించాలో చూశాం.

ఒక స్టాపు ఆమె దగ్గరే ఉంది. ఇంతకాలం టీటీఎల్ ఫ్లాష్ కెమెరా మీద, మాన్యువల్ ఫ్లాష్ స్టాండ్ మీద ఉండేవి. రెండింటినీ ఒకే అంబ్రెల్లాలోకి పెడితే వెలుగు రెట్టింపు, అంటే ఒక స్టాపు. కావాల్సింది రెండు ఫ్లాష్‌లు పట్టే లోహపు బ్రాకెట్ ఒక్కటే. టీటీఎల్ ఫ్లాష్‌ను మాన్యువల్ ఫుల్‌లో గానీ, సగంలో గానీ వదిలేసి, సన్నని సర్దుబాట్లన్నీ రెండో ఫ్లాష్‌తో రేడియో మీద చేసుకోవడం పైన చెప్పిన ఉపాయం. ఫుల్ పవర్ అవసరం లేని వేళ రెండింటినీ సగంలో పెడితే ఒక ఫ్లాష్ ఫుల్‌తో సమానం, నిండే సమయం మాత్రం సగానికి పడిపోతుంది, వేడీ తగ్గుతుంది. చివరి గంటంతా ఆమె ఇలాగే తీస్తున్నారు.

రెండో స్టాపు దూరంలో ఉంది. వెలుగు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి గుడ్డను 1.5 మీటర్ల నుంచి 1 మీటరుకు తెస్తే లెక్క ప్రకారం స్టాపు కంటే కొంచెం ఎక్కువే రావాలి. అంత దగ్గరలో పెద్ద అంబ్రెల్లా ఒక చుక్కలా ప్రవర్తించదు కాబట్టి మా కొలతలో సరిగ్గా ఒక స్టాపు వచ్చింది. రెండు ఫ్లాష్‌లు, ఫుల్ పవర్: 1 మీటరులో ఎఫ్/16, 1.5లో ఎఫ్/11, 2లో ఎఫ్/8 పైన కొద్దిగా. లోటు తీరింది, కొత్త లైటు కొనకుండానే.

ఈ దగ్గరితనానికీ ధర ఉంది. ఒకరి వెనక ఒకరుగా ఉన్న ఇద్దరిలో మొదటివారు 1 మీటరులో, రెండోవారు 1.5లో ఉంటే ఇద్దరి ముఖాలకూ ఒక స్టాపు తేడా. ఇద్దరినీ గుడ్డకు సమాన దూరంలో వచ్చేలా నిలబెట్టాలి, లేదా 2 మీటర్లకు జరిగి పవర్ లోటు భరించాలి. నిండు ఎండలో నిలువెత్తు ఫొటో అయితే అంబ్రెల్లా తీసేయడమే సరైన నిర్ణయమని నా అభిప్రాయం. అడ్డం లేని రెండు ఫ్లాష్‌ల గైడ్ నంబర్ సుమారు 46, అంటే 2.5 మీటర్ల నుంచి ఎఫ్/18. ఎండ కంటే స్టాపుకు పైగా బలం. వెలుగు కటువుగా ఉంటుంది, నిజమే. వెనక నుంచి కొట్టే ఎండా కటువైనదే, రెండూ ఒకే ఫ్రేములో పొసుగుతాయి. ఫ్లాష్ తలలను నిలువుగా తిప్పి పెడితే వెలుగు మనిషి ఆకారానికి అనువుగా పరుచుకుంటుంది.

అంబ్రెల్లా బిగించేటప్పుడు ఒక చిన్న విషయం చాలామంది గమనించరు. బ్రాకెట్‌లో కాడ దూర్చే రంధ్రం కొద్దిగా వాలుగా ఉంటుంది. కాడను ఒకవైపు నుంచి దూరిస్తే అంబ్రెల్లా మధ్యభాగం ఫ్లాష్ తల ఎదురుగా వస్తుంది. రెండోవైపు నుంచి దూరిస్తే దూరంగా వాలి, మెరుపు గుడ్డ అంచున పడుతుంది. చూసుకోవడానికి పవర్ 1/128లో పెట్టి, ఎపర్చర్ ఎఫ్/16కు మూసి, అంబ్రెల్లానే ఫొటో తీయాలి. గుడ్డ మధ్యలో పెద్ద తెల్లని వలయం, అంచుల దాకా సన్నగా తగ్గుతూ కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. మధ్యలో చిన్న మచ్చే కనిపిస్తే కాడను ఇంకొంచెం బయటికి లాగాలి, లేదా జూమ్ తగ్గించాలి.

స్టాండ్ పడకుండా

పడిన స్టాండ్ సంగతిని "జాగ్రత్తగా ఉండండి" అనే సలహాతో వదిలేయకూడదనుకున్నాం. 43 అంగుళాల అంబ్రెల్లా అడ్డుకొలత 109 సెం.మీ., వైశాల్యం దాదాపు 0.93 చదరపు మీటర్లు. సెకనుకు 5 మీటర్ల గాలి, అంటే ఆకులూ చిన్న కొమ్మలూ ఊగే గాలి, నేరుగా తగిలితే సుమారు 1.8 కిలోల తోపుడు. అది 1.8 మీటర్ల ఎత్తులో పనిచేస్తుంది. స్టాండ్ కాలు నడిమి గొట్టం నుంచి 45 సెం.మీ. దూరం చాపుకుందనుకుందాం. గాలి తోసే దిక్కుకు ఒక కాలు ఉంటే పడకుండా ఉండడానికి మొత్తం బరువు 7.2 కిలోలు కావాలి. ఆ దిక్కుకు రెండు కాళ్ళ మధ్య ఖాళీ ఉంటే ఆనే గీత సగం దూరంలోకి వచ్చేస్తుంది, అప్పుడు 14.4 కిలోలు కావాలి.

స్టాండ్, బ్రాకెట్, ఫ్లాష్‌లు, అంబ్రెల్లా కలిపి దాదాపు 2.8 కిలోలు. 5 కిలోల సంచి వేస్తే 7.8. కాలు సరైన దిక్కుకు ఉంటే అది నిలుస్తుంది, లేకపోతే అంతే బరువుతో పడిపోతుంది. అందుకని స్టాండ్ పెట్టగానే ముందు గాలి ఎటు పోతోందో చూసి ఒక కాలు అటు తిప్పడం ఆమెకు అలవాటు చేశాం. గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలు. ఆ పరిస్థితిలో సంచులు పెంచుకుంటూ పోవడం వృథా, అంబ్రెల్లా మడిచి వట్టి ఫ్లాష్‌తో తీయాలి.

సంచులు ఖాళీగా మోసుకెళ్తారు. అక్కడ దొరికిన ఇసుకతోనో రాళ్ళతోనో నింపుతారు. నడిమి గొట్టానికి వేలాడదీస్తే సంచి ఊగి స్టాండ్‌నూ ఊపుతుంది. గాలి తోసే దిక్కుకు ఎదురుగా, అంటే గాలి వచ్చే వైపున్న కాళ్ళ మీద కూర్చోబెడితే ఇంకా మేలు. ఎత్తు పెంచేటప్పుడు లావు గొట్టాలను ముందు లాగాలి, సన్నది చివర. సన్నని పాత స్టాండ్ బదులు కాస్త దిట్టమైనది కొన్నారు, ట్రిగ్గర్ తర్వాత ఖర్చు దీనికే. ఫ్లాష్‌లు రెండింటికీ సన్నని తాడు కట్టి బ్రాకెట్‌కు ముడివేశారు. పాదం జారినా నేల మీద పడవు.

షూట్‌లో వరస

ముందు ఫ్లాష్ ఆపి, 1/200, ఐఎస్ఓ 100లో ఆకాశానికి ఎపర్చర్ ఎంచుకుంటారు. మామూలు కంటే ఒక స్టాపు ముదురు ఆమెకు ఇష్టం. ఇక ఎపర్చర్ జోలికి పోరు. తర్వాత ఫ్లాష్ వెలిగించి, ముఖానికి కావాల్సిన వెలుగు దూరంతోనూ పవర్‌తోనూ తెచ్చుకుంటారు. టీటీఎల్ వాడొద్దన్నాం. వెనక వెలుగు ప్రతి ఫ్రేములో మారుతుంటే అదీ మారుతుంది. మనిషికీ గుడ్డకూ మధ్య దూరం మారనంతసేపు మాన్యువల్ పవర్ మారదు.

ఆ దూరం కోసం స్టాండ్‌కు ఒక తాడు కట్టారు. అంబ్రెల్లా గుడ్డ అంచు నుంచి 1 మీటరు దగ్గర ఒక ముడి, 1.5 దగ్గర రెండు ముళ్ళు, 2 దగ్గర మూడు. చోటు మారిన ప్రతిసారీ తాడు చాపి ముడి మనిషి గడ్డం దగ్గరికి వచ్చేలా స్టాండ్ జరుపుతారు. ఒక్కో ముడికి ఎఫ్ అంకె ఎంతో రాసిన చీటీ ఫ్లాష్ వెనక అతికించి ఉంది. మొదటి టెస్ట్ ఫ్రేముకే వెలుగు మూడింట ఒక స్టాపు తేడాలోపు వస్తోంది.

చివరి అరగంటలో ఇంకొక్క మార్పు. ఎండ పసుపెక్కాక ఫ్లాష్ వెలుగు ముఖం మీద నీలంగా అతికించినట్టు కనిపిస్తుంది. లీ 205 హాఫ్ సీటీఓ జెల్ (వెలుగును నారింజ వైపు మళ్ళించే రంగు పలక) ముక్కలను రెండు తలలకూ అంటిస్తే 6500 కెల్విన్ వెలుగు 3800కు దిగుతుంది. దాదాపు అర స్టాపు పోతుంది. ఆ వేళకు మిగులు ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. జెల్ ఒక తలకే వేసి మర్చిపోతే ఒకే అంబ్రెల్లాలో రెండు రంగులు కలిసి, ఏ వైట్ బ్యాలెన్స్‌కూ లొంగని చర్మం రంగు వస్తుంది.

స్ట్రోబ్ సంగతి

చిన్న ఫ్లాష్ ఒకటి సుమారు 70 వాట్-సెకన్లనుకుంటే, 200 వాట్-సెకన్ల లైటు దానికంటే స్టాపున్నర ఎక్కువ. రెండు చిన్న ఫ్లాష్‌ల కంటే అర స్టాపే ఎక్కువ. 400 అయితే రెండింటి కంటే స్టాపున్నర ఎక్కువ. ఆమె కూడబెడుతున్న డబ్బుతో వచ్చేది ఆ స్టాపున్నర. నిండు ఎండలో ఇద్దరినీ నిలువెత్తున, మెత్తని వెలుగులో తీయాలన్న పని తరచూ వస్తుంటే ఆ కొనుగోలు సబబే, ఎందుకంటే ఈ సెట్ ఆ పని చేయలేదు. ఆమెకు నెలకొకసారి కూడా రావడం లేదు. వచ్చినప్పుడు మనిషినీ వెనక దృశ్యాన్నీ నీడలోకి మారుస్తున్నారు. అక్కడ వెలుగు రెండు మూడు స్టాపులు తక్కువ కాబట్టి ఉన్న ఫ్లాష్‌లు సులువుగా సరిపోతున్నాయి. కొనడం వాయిదా వేశారు. కొత్త ఖర్చు లెన్స్ ధరలో సగానికి లోపే ముగిసింది. సంచులు ఖాళీగా ఉన్నప్పుడు సామాను ఆరు కిలోలు.

తర్వాత

కొన్ని వారాలకు ఆమె ఇంకో ఫిర్యాదుతో ఫ్రేములు పంపారు. చీటీ ప్రకారమే పెట్టినా ముఖం మధ్యలో వెలుగు ఎక్కువగా, బుగ్గల దగ్గర నీడ గట్టిగా ఉంది. అంబ్రెల్లాను ఫొటో తీసి పంపమన్నాం. గుడ్డ మధ్యలో పళ్ళెమంత తెల్ల మచ్చ, చుట్టూ చీకటి. టీటీఎల్ ఫ్లాష్ ఆపి వేసిన ప్రతిసారీ జూమ్ ఆటోకు మారి, కెమెరా మీద లేకపోయినా చివరగా గుర్తున్న 85కు వెళ్ళిపోతోంది. జూమ్‌ను మాన్యువల్‌లో 24 దగ్గర స్థిరపరిచి, స్టాండ్ ఎత్తే ముందు రెండు ఫ్లాష్‌ల తెరల మీదా జూమ్ అంకె చూసుకోవడం చీటీలో మొదటి వరసగా చేర్చారు.